ఫుర్కియాలో రాత్రికి చోటుందా?

*సెలవులొస్తే హిమాలయాల నడకకి వెళ్లడం హైదరాబాద్, విశాఖ ఆఫీసుల్లో ఇప్పుడు మామూలు ముచ్చట. ఫోన్ల నిండా శిఖరాలే, మంచు మీద ఎగిరి గంతేసిన ఫొటోలే. రాత్రి తలదాచుకున్న గది మాత్రం ఆ ఫొటోల్లో కనపడదు. ఉత్తరాఖండ్‌లోని పిండారీ లోయలో ఒక్కో రోజు నడక దూరానికి ఒక్కో విడిది చొప్పున కట్టిన పాత వరస ఒకటుంది. ఈ కథనం ఆ విడిదుల గురించి.*

మధ్యాహ్నం మూడింటికి వడగళ్లు మొదలయ్యాయి. రేకు కప్పు మీద ఆ మోతకి పక్కమనిషి మాట వినపడటం లేదు. వంటింట్లో కట్టెల పొయ్యి రాజుకుంది. దాని చుట్టూ కోల్‌కతా నుంచి వచ్చిన నలుగురు మంకీ క్యాపులతో, పుణె కుర్రాళ్లిద్దరు, విశాఖపట్నం నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్చరరు, ఆయన భార్య. తడి మేజోళ్లన్నీ పొయ్యి పైన కట్టిన తాడు మీద ఆరుతున్నాయి. వాటి వాసన పప్పు వాసనలో కలిసిపోయింది.

"ఏమండీ, మోకాలు ఎలా ఉంది?"

"ఎక్కేటప్పుడు దానికేం? దిగేటప్పుడు కదా దాని సంగతి!"

చౌకీదారు పిండి కలుపుతూ తలెత్తకుండానే "దీదీ, రోటీలు ఎన్ని?" అని ఆవిణ్ని అడిగాడు. ఆవిడ వేళ్లు చూపించేలోపే తలుపు తోసుకుని ఇద్దరు లోపలికొచ్చారు. నిలువునా తడిసిపోయారు. బుకింగ్ కాగితం లేదు. "దాజ్యూ, రాత్రికి చోటుందా?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. కుమావోన్‌లో అన్నని అలా పిలుస్తారు. చౌకీదారు గదుల మాట ఎత్తలేదు. కోల్‌కతావాళ్లని కాస్త జరగమని చెప్పి పొయ్యి దగ్గర చోటు చేశాడు. పిండి ముద్దలో ఇంకో గుప్పెడు పిండి కలిపాడు.

ఫుర్కియా ఊరు కాదు. 3,260 మీటర్ల ఎత్తున, చెట్లు ఇక అయిపోవస్తున్న చోట, పిండర్ నదికి పైన గట్టు మీద ఉన్న కొద్దిపాటి కట్టడాలకి ఆ పేరు. వెనక్కి నడిస్తే అయిదు కిలోమీటర్ల దాకా ఇంకో కప్పు లేదు. ముందుకి నడిస్తే మంచే. చీకటి పడే వేళ అక్కడ 'చోటు లేదు' అంటే, ఆ మాట పడ్డ మనిషి ఎటు వెళ్లాలి?

ఒక రాత్రి ఖరీదు

2024 జూన్‌లో ఉత్తరకాశీ జిల్లా సహస్ర తాల్ నుంచి తిరిగివస్తున్న కర్ణాటక బృందం మంచు తుఫానులో చిక్కుకుంది. 22 మందిలో తొమ్మిదిమంది చనిపోయారు. వయసులో పెద్దవాళ్లూ, నడక అలవాటున్నవాళ్లూ అందులో ఉన్నారు. నాలుగువేల మీటర్లు దాటిన ఆ బయలులో దారి కనపడక రాత్రంతా ఆరుబయట గడిపారు. ఆ ఎత్తులో తడి బట్టలూ గాలీ కలిస్తే మనిషి ఒంట్లో వేడి గంటల్లో ఇంకిపోతుంది. ముందు వణుకు, ఆ తర్వాత మాట తడబాటు, ఆపైన నిద్ర.

అంతకు మూడేళ్ల ముందు, 2021 అక్టోబరులో, ఉత్తరాఖండ్ అంతటా కురిసిన అకాల వర్షాలకి బాగేశ్వర్ జిల్లా సుందర్‌ఢుంగా లోయలో అయిదుగురు బెంగాలీ ట్రెక్కర్లు బలయ్యారు. పిండారీకి పక్క లోయే అది. రెండు దారులూ ఖాతీ అనే ఊరి దగ్గరే విడిపోతాయి. అవే రోజుల్లో పిండారీ దారిలో ద్వాలి విడిది దగ్గర ఆగిపోయినవాళ్లని తర్వాత సహాయ బృందాలు క్షేమంగా బయటికి తెచ్చాయి. కప్పు ఒక్కటే కాపాడిందంటే అతిశయోక్తి. ఎత్తు వేరు, మంచు వేరు, ఆ పూట ఎవరు ఎక్కడున్నారన్నది వేరు. కానీ నాలుగు గోడల మధ్య ఉన్నవాడికి ఆగి చూసే వెసులుబాటు ఉంటుంది. ఆరుబయట ఉన్నవాడు తప్పయినా సరే కదలాల్సిందే.

మన దగ్గర ట్రెక్ అనగానే గైడు ఎవరు, బూట్లు ఏ కంపెనీవి, రెయిన్‌కోటు ఎంత అని మాట్లాడుకుంటాం. రాత్రి ఎక్కడ అన్న ప్రశ్న చివరికి వస్తుంది. అసలు అదే మొదటిది కావాలి.

1830లో ఇద్దరు ప్రయాణికులు

పిండారీ దారి కథ చెప్పేవాళ్లు ట్రెయిల్ దొరతో మొదలుపెడతారు. కుమావోన్ కమిషనర్ జి.డబ్ల్యు. ట్రెయిల్ 1830లో పిండారీ హిమానీనదం తలవైపు ఉన్న కనుమ దాటి అవతలి మిలమ్ వైపు దిగాడు. సుమారు 5,300 మీటర్ల ఎత్తున్న ఆ కనుమని ఇప్పటికీ 'ట్రెయిల్స్ పాస్' అనే అంటారు. దారి చూపించింది మాత్రం సుపీ గ్రామస్థుడు మలక్ సింగ్. కనుమకి దొర పేరు దక్కింది, మలక్ సింగ్ పేరు ఆ చుట్టుపక్కల ఊళ్ల నోళ్లలో నిలిచింది. ఆ ప్రయాణంలో మంచు మెరుపుకి ట్రెయిల్ కళ్లు కనపడకుండా పోయాయనీ, నందాదేవి ఆగ్రహమది అని జనం చెబితే అల్మోరాలో అమ్మవారికి గుడి ఏర్పాటు చేశాక చూపు వచ్చిందనీ ఒక కథ ఉంది. నల్లద్దాలు లేని రోజుల్లో మంచు మీద నడిచినవాడికి కళ్లు మండి చూపు పోవడం, కొన్నాళ్లకి తిరిగి రావడం వింతేమీ కాదు. కథ మాత్రం బాగుంది, అందుకే నిలిచింది.

అదే 1830లో, మే నెలలో, మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసే ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరాడు. నల్లమల ఎక్కి శ్రీశైలం కూడా చూశాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చదివితే ఒకటి తెలుస్తుంది: ఆయన మనసంతా మజిలీ మీదే. ఈ పూట దిగిన చోట నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, సత్రముందా, తోపుందా అన్నదే రోజువారీ లెక్క. నడక అంటే రాత్రికి రాత్రికి మధ్య దూరం అన్న ఎరుక మన పెద్దలకి ఉండేది. అందుకే అలిపిరి మెట్ల దారిలో మండపాలు కట్టారు, శ్రీశైలం అడవిదారిలో రెడ్డిరాజులు మెట్లు కట్టించారు. హిమాలయాల్లో బదరీ, కేదారం వెళ్లే కాలిబాట మీద చట్టీలుండేవి. దుకాణదారు దగ్గర బియ్యం పప్పు కొనుక్కుంటే, రాత్రికి అక్కడే పడుకోనిచ్చేవాడు. మోటారు రోడ్డు వచ్చాక చాలా చట్టీలు ఖాళీ అయిపోయాయి.

పిండారీ దారిలో దేవుడు లేడు కాబట్టి చట్టీలూ లేవు. ఇంగ్లిషు వాళ్ల హయాంలో పబ్లిక్ వర్క్స్ శాఖ ఇక్కడ డాక్ బంగళాలు కట్టింది. మన జిల్లాల్లో పాతతరం 'ట్రావెలర్స్ బంగళా' అనేవాళ్లే, అదే మోస్తరు: మందపాటి రాతి గోడలు, వాలు కప్పు, ముందు వరండా, గదిలో నిప్పుగూడు, వెనక చౌకీదారు వంటిల్లు. దౌరా అధికారులూ వేటగాళ్లూ మొక్కలు సేకరించేవాళ్లూ వాటిలో దిగేవారు. తర్వాత ప్రభుత్వ సంస్థ కుమావోన్ మండల్ వికాస్ నిగమ్ పక్కనే తన విడిదులు కట్టి మామూలు జనానికి పరుపు, రజాయి, భోజనం ఏర్పాటు చేసింది. ఢాకురి, ఖాతీ, ద్వాలి, ఫుర్కియా: ఒక్కో రోజుకి ఒక్కో పేరు.

> దారి లెక్క
> లోహార్‌ఖేత్ – ఢాకురి: సుమారు 11 కి.మీ.
> ఢాకురి (2,680 మీ.) – ఖాతీ (2,210 మీ.): 8 కి.మీ.
> ఖాతీ – ద్వాలి (2,575 మీ.): 11 కి.మీ.
> ద్వాలి – ఫుర్కియా (3,260 మీ.): 5 కి.మీ.
> ఫుర్కియా – జీరో పాయింట్: 7 కి.మీ. పైచిలుకు
> రైలు కాఠ్‌గోదాం దాకా. అక్కడి నుంచి అల్మోరా, బాగేశ్వర్, కప్‌కోట్ మీదుగా రోడ్డు.
> మే, జూన్ మొదటి వారాలు. మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. వానాకాలంలో కొండచరియలు, ఖాతీ అడవిలో జలగలు.

లోయలోకి

పాత పద్ధతిలో నడిస్తే మొదటి రోజే అసలు పరీక్ష. లోహార్‌ఖేత్ నుంచి ఢాకురి కనుమ దాకా వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుడు. సింధూరపు రంగు బురాన్ష్ పూలు ఏప్రిల్‌లో ఈ అడవినిండా ఉంటాయి. మే నాటికి నేల మీద ఎండి కనిపిస్తాయి. సీసాల్లో దాని షర్బతు ఊళ్లలో అమ్ముతారు. గడ్డి మోపులూ బాంజ్ అనే ఓక్ చెట్ల ఆకుల మోపులూ వీపున కట్టుకుని ఆడవాళ్లు మనల్ని దాటేసి పోతుంటారు. ఖరీదైన బూట్లేసుకుని ఆయాసపడుతున్నవాడికి అది కాస్త చిన్నతనమే.

కనుమ ఎక్కగానే అవతల మైక్‌తోలి శిఖరం (6,803 మీ.) కళ్లకి కట్టేస్తుంది. కొందరు ఢాకురి దాకా వచ్చి ఆ దృశ్యం చూసి చాలనుకుని వెనుదిరుగుతారు. అదీ తప్పు కాదు. ముందుకు వెళ్లేవాళ్లు అక్కడ నిద్రపోయి, మర్నాడు దిగి, తక్కువ ఎత్తులో ఉన్న ఖాతీలో పడుకుంటారు. ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కడం వల్ల ఒంటికి పల్చటి గాలి మెల్లగా అలవాటవుతుంది. ఆ పద్ధతికి ఇప్పుడు డాక్టర్లు పెద్ద పేర్లు పెట్టారు. ఈ బంగళాల వరస దాన్ని అడక్కుండానే చేసి పెట్టింది.

ఖాతీ ఈ దారిలో ఆఖరి ఊరు. పలక రాళ్ల కప్పులు, చెక్కిన తలుపులు, బంగాళాదుంప చేలు, రాజ్మా. ఇళ్లలో మడువా రొట్టె పెడతారు. మడువా అంటే మన రాగులే. నెయ్యి వేసి, పక్కన భట్ అనే నల్ల సోయా గింజల పప్పుతో పెడితే రాయలసీమ మనిషికి పెద్దగా పరాయిగా తోచదు, సంగటి కాకుండా రొట్టె అయిందే అనిపించడం తప్ప. రింగాల్ అనే సన్న వెదురుతో బుట్టలూ చాపలూ అల్లడం ఈ దానపూర్ ప్రాంతపు పాత పని.

ఖాతీ దాటాక పిండర్ నది హోరు మనతోనే ఉంటుంది. 2013 జూన్ వరదలు కేదారనాథ్ పేరుతోనే అందరికీ గుర్తు. ఇక్కడ కూడా అవే రోజుల్లో నది వంతెనల్నీ ఒడ్డు వెంట సాగే పాత బాటనీ తుడిచేసింది. ఆ తర్వాత వచ్చిన దారి కొన్ని చోట్ల రాళ్ల గుట్టల మీదుగా, కొన్ని చోట్ల తాత్కాలిక చెక్క వంతెనల మీదుగా సాగుతుంది. పాత ట్రెక్కర్లు ఆ అడవి దారి పోయిందని ఇప్పటికీ బాధపడతారు.

పిండర్, కఫ్నీ నదులు కలిసే చోటు ద్వాలి. అక్కణ్నుంచి ఫుర్కియాకి అయిదే కిలోమీటర్లు కానీ నిలువుగా ఏడొందల మీటర్లు. అటూ ఇటూ జలపాతాలు, తెల్ల బెరడు భోజ్ చెట్లు. మే నెలలో వాగుల మీద ఇంకా మంచు పేరుకుని ఉంటుంది. దాని కింద నీళ్లు పారుతుంటాయి. అంచున అడుగేస్తే కూలుతుంది, నడుమన నడవాలని చౌకీదార్లు చెబుతారు.

ఫుర్కియా నుంచి తెల్లవారుజామున నాలుగింటికి టార్చీలతో బయలుదేరడం ఆనవాయితీ. పది దాటితే మబ్బు కమ్మేస్తుంది. చెట్లు లేవు, పచ్చిక. అదృష్టముంటే మోనాల్ పక్షి, బండల మీద భరల్ గొర్రెలు. ఎదురుగా నందాకోట్ (6,861 మీ.), ఛాంగుఛ్, నందాఖాట్ శిఖరాలు. సుమారు 3,660 మీటర్ల దగ్గర బాట హఠాత్తుగా తెగిపోతుంది. అదే జీరో పాయింట్. ఒకప్పుడు జనం హిమానీనదం అంచు దాకా నడిచేవారు. అది ఏళ్లతరబడి వెనక్కి జరుగుతూ వచ్చింది. దాని వెంట గట్టు కూడా విరిగిపడుతోంది. ఇప్పుడు కింద బూడిదరంగు రాళ్ల లోయ, దూరాన పగుళ్లు పట్టిన మంచు. చేత్తో తాకుదామని వచ్చినవాళ్లకి ఆశాభంగమే.

బరువు దిగితే వయసు దిగుతుంది

విశాఖ దంపతుల దగ్గరికి మళ్లీ వద్దాం. వాళ్లిద్దరి వీపు సంచుల్లో ఉన్నవి: ఒక జత బట్టలు, రెయిన్‌కోటు, మందులు, నీళ్లు, వేయించిన పల్లీలు, ఓ చిన్న పచ్చడి సీసా. అంతే. డేరా లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు, స్టవ్వు లేదు, వారానికి సరిపడా బియ్యం లేవు. ఇవన్నీ మోయాలంటే పది పన్నెండు కిలోలకి తగ్గదు, లేదా ఖచ్చర్లనీ (కంచర గాడిదలనీ) వంటవాళ్లనీ పెట్టుకునే కంపెనీకి వేలకి వేలు కట్టాలి. కప్పు ఉన్న దారిలో ఆ రెండు అవసరాలూ ఉండవు. అరవై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, పెద్ద జీతాలు లేనివాళ్లు, తోడు లేకుండా వచ్చిన ఆడపిల్లలు నడవగలిగేది ఇలాంటి దారిలోనే. ఎవరు కొండ చూడగలరు, ఎవరు చూడలేరు అన్నది శిఖరం నిర్ణయించడం లేదు. విడిది నిర్ణయిస్తోంది.

పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన తెలంగాణ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ (2014), ఏడు ఖండాల శిఖరాలనీ ఎక్కి 2015లో ఆండీస్‌లో కన్నుమూసిన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్‌బాబు మనకి పర్వతాల మీద ఆశ పుట్టించారు. ఆ ఆశ ఉన్నవాళ్లలో నూటికి తొంభైమంది శిఖరాలు ఎక్కరు. వాళ్లకి కావలసింది ఒక లోయ, ఒక బాట, సాయంత్రానికి వేడి పప్పు. దాన్ని చిన్నచూపు చూడటం మన ట్రెక్కింగ్ ప్రచారానికి పట్టిన జబ్బు. 'కఠినమైనది' అన్న ముద్ర లేని దారిని అమ్మడం కంపెనీలకి చేతకాదు మరి.

> వేరే కొండల్లో
> స్విట్జర్లాండ్: స్విస్ ఆల్పైన్ క్లబ్ 1863లో పుట్టింది. అదే ఏడాది టోడి శిఖరం కింద తొలి గుడిసె, గ్రూన్‌హార్న్ హట్, కట్టింది. నేడు ఆ క్లబ్బు గుడిసెలు సుమారు 150. చాలావాటిలో సంరక్షకుడో సంరక్షకురాలో వండి పెడతారు.
> న్యూజిలాండ్: పరిరక్షణ శాఖ చూసుకునే గుడిసెలు తొమ్మిది వందలకు పైనే. 53.5 కి.మీ. మిల్‌ఫోర్డ్ ట్రాక్ మీద సీజనులో ఎవరి బుకింగ్ రాత్రి ప్రకారం వాళ్లు ఒకే దిక్కులో నడవాలి. విడి ట్రెక్కర్లకి రోజుకి 40 పడకలే. డేరా వేయనివ్వరు. బుకింగ్ తెరిచిన పూటే పడకలు అయిపోతుంటాయి.

చౌకీదారు లేని ఇల్లు

గోడలు కట్టినంత మాత్రాన విడిది కాదు. ఫుర్కియాలో నిజమైన వసతి ఆ ఒక్క మనిషే. పప్పు, బియ్యం, పిండి, కిరోసిన్ అన్నీ ఖచ్చర్ల మీద పైకి రావాలి. కట్టెలు ఏరి ఎండబెట్టాలి. చలికి పగిలిన నీళ్ల పైపు సరిచేయాలి. రిజిస్టర్లో పేరు, వయసు, ఊరు రాయించుకోవాలి. నిన్న పైకి వెళ్లిన ముగ్గురు ఇవాళ మధ్యాహ్నానికి దిగకపోతే ముందుగా గమనించేదీ అతనే. ముఖం పాలిపోయి అన్నం వద్దన్నవాణ్ని చూసి "సాబ్, ఇక పైకొద్దు, పొద్దున్నే కిందకి దిగిపో" అని చెప్పేదీ అతనే. ఆ మాట చాలామంది డాక్టరు చెప్పినా వినరు, ఇతను చెబితే వింటారు.

పని మాత్రం సీజనుకే. మంచు పడ్డాక ఫుర్కియాకి తాళం. మే, జూన్‌లలో ఈ చుట్టుపక్కల ఊళ్ల కుటుంబాలు కీడాజడీ వెతుక్కుంటూ పై పచ్చికలకి పోతాయి. పురుగు మీద మొలిచే ఆ బూజుకి మార్కెట్లో వచ్చే ధర ముందు చౌకీదారు జీతం ఎక్కడికీ సరిపోదు. అయినా విడిదిలో ఎవరో ఒకరు ఉంటున్నారంటే, ఆ పని వాళ్ల ఇంట్లో తండ్రో బాబాయో చేసినది కావడమూ ఒక కారణం. కొత్త తరానికి ఆ లెక్క సరిపోతుందో లేదో.

డేరాల మీద తీర్పు

2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆ రాష్ట్రంలోని బుగ్యాల్‌లలో, అంటే చెట్ల హద్దు పైన ఉండే పచ్చిక బయళ్లలో, రాత్రి బస నిషేధించింది. రోజుకి రెండొందల మందికి మించి వెళ్లనివ్వొద్దంది. డేరాల కింద గడ్డి చచ్చిపోవడం, మరుగుదొడ్డి గుంటలు, ప్లాస్టిక్, ఇవన్నీ చూసి ఇచ్చిన తీర్పు. బేదినీ, ఆలీ బుగ్యాల్‌ల మీద జరిగిన తొక్కిడి చూసినవాళ్లెవరూ దాన్ని పూర్తిగా కాదనలేరు. గైడ్లూ ఖచ్చర్లవాళ్లూ మాత్రం మా పొట్ట కొట్టారన్నారు. వాళ్లదీ అబద్ధం కాదు.

ఈ గొడవలో పాత బంగళాల వరసని ఎవరూ తల్చుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది. ఒకే చోట, ఒకే మరుగుదొడ్డి, ఒకే పొయ్యి, ఇన్ని పడకలు అని ముందే తెలిసిన లెక్క. పడకలు నిండితే రాకండి అని కింద బాగేశ్వర్‌లోనే చెప్పొచ్చు. తడిసి వచ్చిన ఇద్దరికి పొయ్యి దగ్గర చోటు ఎప్పుడూ ఉంటుంది, అది వేరే సంగతి. కొత్త ఫైబర్ గదులు పెంచుకుంటూ పోవడం కన్నా, ఉన్నవాటి కప్పు కారకుండా చూసి, చౌకీదారుకి ఏడాది పొడుగునా జీతమిస్తే చాలా దారులు బాగుపడతాయి.

ఖర్కియా దాకా జీపు

ఇప్పుడు చాలామంది లోహార్‌ఖేత్‌లో నడక మొదలుపెట్టరు. జీపులు ఖర్కియా దాకా వెళుతున్నాయి. అక్కణ్నుంచి ఖాతీ అయిదు కిలోమీటర్లే. ఢాకురి కనుమా, అక్కడి రాత్రీ లెక్కలోంచి ఎగిరిపోయాయి. వారం సెలవు దొరకనివాళ్లకి మేలే. కానీ నిన్న మైదానంలో ఉన్నవాడు రెండో రాత్రికే ద్వాలి చేరి, మూడో రాత్రి ఫుర్కియాలో తలనొప్పితో పడుకుంటున్నాడు. ఢాకురి చౌకీదారుకి అతిథులు తగ్గారు. కనుమ మీద టీ అమ్మేవాళ్లూ అదే మాట చెబుతారు.

నడక అంటే ఇష్టపడే మనలాంటివాళ్లం ఇక్కడ నిట్టూరుస్తాం. రోడ్డు ఇంకా ముందుకి రాకూడదంటాం. ఖాతీలో ఓ ఇంటి అరుగు మీద కూర్చుని ఆ మాటే అన్నప్పుడు, ఊలు వడుకుతున్న ముసలావిడ కాసేపు విని, తన కోడలికి నొప్పులొచ్చిన రోజు సంగతి చెప్పింది. ఊళ్లో మగవాళ్లు వంతులేసుకుని డోలీ మోశారు. అప్పటికి జీపు ఖర్కియా దాకా కూడా రాలేదు. ఢాకురి కనుమ ఎక్కి, దిగి, లోహార్‌ఖేత్ మీదుగా కప్‌కోట్ ఆసుపత్రికి. మనం అందమైన మొదటి రోజు అనుకునే దారే అది. "మీరు నడవండి బాబూ, మీకు సరదా. మాకు మాత్రం రోడ్డు ఇంటి ముందుకి రావాలి" అంది. ఆవిడ కొడుకు ఇంటి పై అంతస్తులో రెండు గదులకి సున్నం వేయిస్తున్నాడు, అక్టోబరులో వచ్చే బెంగాలీల కోసం. రోడ్డొస్తే వాళ్లు ఖాతీలో ఆగకుండా నేరుగా ద్వాలికి పోతారేమో అంటే, అతను బ్రష్షు దించి, "ఆగేవాళ్లు ఆగుతారు. మా అమ్మ రాజ్మా తిన్నవాళ్లయితే ఆగుతారు" అన్నాడు.